ఫొటో గ్యాలరీ మ్యాప్‌లో జీపీఎక్స్ ట్రాక్ ఇంపోర్ట్: ఫొటోలు తప్పు చోట పడుతున్నాయి

కోరమంగళ_కోడర్
సొంత సర్వర్ మీద నడిచే ఫొటో గ్యాలరీ ఇది. వెనక పైథాన్, పోస్ట్‌గ్రెస్; ముందు లీఫ్‌లెట్ మ్యాప్. ఫోన్ ఫొటోల ఎగ్జిఫ్‌లో (ఫొటో ఫైల్ లోపలే రాసి ఉండే వివరాల్లో) లొకేషన్ ఉంటుంది కాబట్టి అవి మ్యాప్ మీద సరిగ్గానే పడుతున్నాయి. కెమెరా ఫొటోలకే లొకేషన్ లేదు. ఫోన్‌లో రికార్డ్ చేసిన జీపీఎక్స్ ట్రాక్ (తిరిగిన దారిలో ఏ టైమ్‌కి ఎక్కడున్నామో రాసి ఉన్న ఫైల్) ఇస్తే టైమ్ చూసి వాటిని దారి మీద కూర్చోబెట్టేలా ఇంపోర్ట్ రాస్తున్నాను. ప్రతి ఫొటోకి టైమ్‌లో అన్నిటికన్నా దగ్గరున్న ట్రాక్ పాయింట్ ఇచ్చాను, అంతే. పరీక్షకి పెట్టింది నంది హిల్స్ ట్రాక్, 212 ఫొటోలు. ఉదయం 6:30 సూర్యోదయం ఫొటోలు హెబ్బాళ ఫ్లైఓవర్ మీద పడ్డాయి. 7:30 తర్వాతవన్నీ కోరమంగళలో ఒకే పాయింట్ మీద కుప్ప. కొండ మీద ఒక్కటీ లేదు. తప్పు ఎక్కడుంది?

రోజుకోబగ్గు
తప్పేముంది, హెబ్బాళ ట్రాఫిక్‌లో సూర్యోదయం చూసేవాళ్లు చాలామందే ఉన్నారు.

బైనరీబాబాయ్
తప్పులు రెండున్నాయి. రెండూ ఒకేసారి బయటపడటంతో తికమకగా ఉంది.

మొదటిది ఐదున్నర గంటల జబ్బు. జీపీఎక్స్‌లో టైమ్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం, మనకన్నా ఐదున్నర గంటలు వెనక) ఉంటుంది, చివర జెడ్ అక్షరం అందుకే. ఎగ్జిఫ్‌లో డేట్‌టైమ్‌ఒరిజినల్ మాత్రం కెమెరా గడియారం ఆ క్షణాన ఏం చూపిస్తోందో అదే. ఏ టైమ్‌జోనో అందులో రాసి ఉండదు. మీ కోడ్ 6:30ని యూటీసీ అనుకుంది. మన టైమ్‌లో అది మధ్యాహ్నం 12. అప్పటికి బండి తిరుగు దారిలో హెబ్బాళ దగ్గరుంది. లెక్క ముక్కుసూటిగా సరిపోయింది.

రెండోది, దగ్గరి పాయింట్ అన్నారు గానీ ఎంత దగ్గర అన్న హద్దు పెట్టలేదు. ట్రాక్ మధ్యాహ్నం 1 గంటకి ఆగిపోయి ఉండాలి. 7:30 ఫొటో మీ లెక్కలో 1 గంట ఫొటో. అక్కడి నుంచి ఏ ఫొటో వచ్చినా చివరి పాయింట్‌కే అతుక్కుంటుంది. హద్దు లేకపోతే వచ్చే సంక్రాంతి ఫొటోలు కూడా అక్కడికే వస్తాయి.

కోరమంగళ_కోడర్
ట్రాక్ 1:02కి ఆగింది, నిజమే. అయితే ఫొటో టైమ్‌లోంచి 5:30 తీసేసి, 5 నిమిషాలు దాటితే వదిలేయమని రాస్తే పనైపోతుందా?

పిక్సెల్_పంతులు
5:30 కోడ్‌లో రాసి పడేయకండి. ముందు ఆఫ్‌సెట్‌టైమ్‌ఒరిజినల్ అనే ఎగ్జిఫ్ గడి చూడండి. 2016లో వచ్చిన ఎగ్జిఫ్ 2.31లో చేర్చారు. కొత్త కెమెరాలు చాలావరకు నింపుతాయి, పాతవాటిలో ఉండదు. ఉంటే దాన్ని తీసుకోండి, లేకపోతే వాడేవాళ్లని అడగండి. డిఫాల్ట్‌గా +5:30 చూపించండి.

ఆ అడిగే గడిలో గంటలు మాత్రమే జరిగే స్లైడర్ పెట్టొద్దు. మనకి అరగంట ఉంది, నేపాల్‌కి 5:45. డేటాబేస్‌లో సెకన్లుగా దాచండి.

బైనరీబాబాయ్
పంతులు గారి మాటకి ఒక తోక. అడిగే ప్రశ్న "ఫొటో ఎక్కడ తీశారు" అని ఉండకూడదు, "కెమెరా గడియారం ఏ ఊరి టైమ్‌లో ఉంది" అని ఉండాలి. సింగపూర్ వెళ్లినా చాలామంది కెమెరా టైమ్ మార్చరు. ఫొటో సింగపూర్‌లోదని +8 పెడితే రెండున్నర గంటలు తప్పు. ట్రాక్ ఎలాగూ యూటీసీలోనే ఉంది కాబట్టి కెమెరా గడియారం ఒక్కటి తేలితే చాలు. ఆఫ్‌సెట్ గడి నిండి ఉన్నా ఇదే లెక్క, కెమెరా మెనూలో ఏ జోన్ పెట్టారో అదే అందులోకి వస్తుంది.

సీమసైకిల్
జెడ్ ఉంది కదా అని ట్రాక్‌ని కూడా గుడ్డిగా నమ్మొద్దు అన్నా. కొన్ని యాప్‌లు లోకల్ టైమ్ రాసి చివర జెడ్ తగిలిస్తాయి. కొన్ని జెడ్డూ పెట్టవు, ఆఫ్‌సెట్టూ పెట్టవు. ఇంపోర్ట్ పేజీలో ట్రాక్ మొదలు, ముగింపు టైమ్‌లు మన టైమ్‌లోకి మార్చి పెద్దగా చూపించు. "ఉదయం 10:10 నుంచి సాయంత్రం 6:30 దాకా" అని కనబడితే ఎవరికైనా అనుమానం వస్తుంది.

మడివాళ_మ్యాపు
అసలు అడగడం ఎందుకు? -12 నుంచి +14 దాకా 15 నిమిషాల చొప్పున ప్రతి ఆఫ్‌సెట్ ప్రయత్నించి, ఎక్కువ ఫొటోలు ట్రాక్ టైమ్ లోపల పడేది ఎంచుకుంటే సరి. ఒక్క క్లిక్ తగ్గుతుంది.

బైనరీబాబాయ్
ఒప్పుకోను. 8 గంటల ట్రాక్‌లో 2 గంటల ఫొటోలుంటే, 6 గంటల వెడల్పులో ఏ ఆఫ్‌సెట్ పెట్టినా అన్ని ఫొటోలూ లోపలే పడతాయి. 25 ఆఫ్‌సెట్‌లకి సమానంగా నూటికి నూరు మార్కులు వస్తే దేన్ని ఎంచుకుంటుంది? అందులో ఏది తీసుకున్నా మ్యాప్ అందంగానే ఉంటుంది, అసలు చిక్కే అక్కడ. తప్పుగా పెట్టిన లొకేషన్ కన్నా లొకేషన్ లేకపోవడం నయం. లేనిది కనబడుతుంది, తప్పుది కనబడదు.

మడివాళ_మ్యాపు
సరే, నేరుగా పెట్టొద్దు. "ఇది కావచ్చా?" అని సూచనగా పెట్టొచ్చుగా.

బైనరీబాబాయ్
సూచన వరకైతే గొడవ లేదు. ట్రాక్ టైమ్, ఫొటోల టైమ్ అసలు కలవనప్పుడు మాత్రమే చూపిస్తే ఇంకా మేలు.

పిక్సెల్_పంతులు
టైమ్‌జోన్ తేలాక మిగిలేది కెమెరా గడియారం తప్పు నడక. ఇది సెకన్లలో, నిమిషాల్లో ఉంటుంది. చిన్నదని తీసిపారేయడానికి లేదు. నడిచే మనిషి గంటకి 5 కిలోమీటర్ల లెక్కన నిమిషంలో 83 మీటర్లు పోతాడు. 60 వేగంతో వెళ్లే కారు సెకనుకి 16.7 మీటర్లు, అరనిమిషం తేడా అంటే అర కిలోమీటరు. గుడి ముందు తీసిన ఫొటో పెట్రోల్ బంకులో తేలుతుంది.

సరిచేసే పద్ధతి: ఫోన్‌లో సెకన్లు చూపించే గడియారం తెరిచి దాన్ని కెమెరాతో ఒక ఫొటో తీయాలి. ఆ ఫొటో ఎగ్జిఫ్ టైమ్ 09:14:52, ఫొటోలో ఫోన్ చూపించేది 09:13:40 అయితే కెమెరా 72 సెకన్లు ముందుంది, అన్ని ఫొటోల టైమ్‌లోంచి 72 తీసేయాలి. డార్క్‌టేబుల్ అనే ఫొటో సాఫ్ట్‌వేర్‌లో సరిగ్గా ఈ వసతి ఉంది: గడియారం ఫొటో ఎంచుకుని కనిపించే టైమ్ టైప్ చేస్తే తేడా అదే లెక్కేస్తుంది. మీరూ అదే చేయండి. ప్లస్సా మైనస్సా అన్నది వాడేవాళ్ల నెత్తిన రుద్దితే సగం మంది తిరగేసి పెడతారు, 72 కాస్తా 144 అవుతుంది.

రోజుకోబగ్గు
"సగం మంది" అని మర్యాదకి అన్నారు.

గువ్వలగూడు
గడియారం ఫొటో తీయడం మర్చిపోతే? ట్రిప్ అయ్యాక అది గుర్తొచ్చి లాభమేంటి.

మడివాళ_మ్యాపు
అయితే ఇలా చేయొచ్చు. ఎక్కడ తీశారో కచ్చితంగా తెలిసిన ఒక ఫొటోని వాడేవాళ్లు మ్యాప్ మీద ట్రాక్ గీత మీదికి లాగి వదలాలి. ఆ చోట ట్రాక్ టైమ్‌కీ ఫొటో టైమ్‌కీ తేడా తీస్తే అదే ఆఫ్‌సెట్. టైమ్‌జోన్, గడియారం తప్పు రెండూ ఒకే దెబ్బకి పోతాయి. మిగతా ఫొటోలన్నీ ఆ తేడాతో సర్దుకుంటాయి.

బైనరీబాబాయ్
ఇది బాగుంది, ఇందాకటి ఊహాగానం కన్నా చాలా నయం. రెండు జాగ్రత్తలు. లాల్‌బాగ్‌లో చెరువు చుట్టూ రెండు రౌండ్లు కొడితే ట్రాక్ ఒకే చోటి నుంచి రెండుసార్లు పోతుంది, రెండు టైమ్‌లు దొరుకుతాయి. రెండూ చూపించి ఎంచుకోమనాలి. ఇంకొకటి, 20 నిమిషాలు కదలకుండా నిలబడ్డ చోటి ఫొటో లాగితే ఆ తేడా పనికిరాదు, 20 నిమిషాల్లో ఏ క్షణమైనా కావచ్చు. నడుస్తూ తీసిన ఫొటోనే లాగమని పక్కన చిన్న వాక్యం రాయండి.

కోరమంగళ_కోడర్
లాగే పద్ధతి నచ్చింది, పెడుతున్నాను. ఆఫ్‌సెట్ సరిచేశాక 212లో 190 కొండ మీదికి వచ్చాయి. ఇప్పుడు హద్దు సంగతి. రెండు ట్రాక్ పాయింట్ల మధ్యలో పడ్డ ఫొటోకి దగ్గరిది ఇవ్వాలా, మధ్యలో లెక్కగట్టి ఇవ్వాలా?

పిక్సెల్_పంతులు
పాయింట్లు 5, 10 సెకన్ల దూరంలో ఉంటే రెండిటికీ పెద్ద తేడా లేదు. బ్యాటరీ కోసం 60 సెకన్లకొకటి పెట్టుకున్నవాళ్లకి మధ్య లెక్క కావాలి. సరళరేఖ లెక్క చాలు, గోళం మీది లెక్కలు ఈ దూరాలకి అక్కర్లేదు. ఎగ్జిఫ్ వివరాలు చదివి రాసే ఎగ్జిఫ్‌టూల్‌లో డిఫాల్ట్‌గా పాయింట్ల మధ్య 1,800 సెకన్ల ఖాళీ వరకు మధ్య లెక్క కడుతుంది. డిజికామ్ అనే ఫొటో సాఫ్ట్‌వేర్‌లో అయితే గరిష్ఠ ఖాళీ, మధ్య లెక్క కట్టాలా వద్దా అన్నవి రెండు వేరు సెట్టింగ్‌లు. మీరూ విడిగానే పెట్టండి.

సీమసైకిల్
1,800 అంటే అరగంట. సిల్క్ బోర్డ్ దగ్గర అరగంటకి పక్క సిగ్నల్ కూడా దాటవు, మెట్రోలో అరగంటకి ఊరి అవతల ఉంటావు. నేనైతే 120 పెడతా.

బైనరీబాబాయ్
మెట్రో అన్నారు కాబట్టి: ఎంజీ రోడ్ దాటాక కబ్బన్ పార్క్ నుంచి మెజెస్టిక్ దాకా పర్పుల్ లైన్ భూమి లోపలే నడుస్తుంది. అక్కడ శాటిలైట్ సిగ్నల్ ఉండదు. మంచి యాప్ అయితే ట్రాక్‌ని అక్కడ తెంచి కొత్త సెగ్మెంట్ (ట్రాక్‌లో విడి ముక్క) మొదలుపెడుతుంది. మీ కోడ్ ఫైల్‌లోని పాయింట్లన్నీ ఒకే వరసలో పోసుకుని సెగ్మెంట్ హద్దులు పారేస్తే, మధ్య లెక్క ఆ ఖాళీ మీదుగా గీత గీసి ఫొటోని విధానసౌధ కప్పు మీద కూర్చోబెడుతుంది. సెగ్మెంట్ మారిన చోట మధ్య లెక్క కట్టకూడదు. ఆ చివరకి గానీ ఈ మొదటికి గానీ 30 సెకన్ల లోపల ఉంటే ఆ పాయింట్ ఇవ్వండి, లేదంటే వదిలేయండి.

కోరమంగళ_కోడర్
సరిగ్గా అదే చేశాను, సెగ్మెంట్‌లు కలిపేశాను. మారుస్తాను.

గువ్వలగూడు
ఒకే చోట గంటసేపు కూర్చుంటే ట్రాక్ దారపు ఉండలా చిక్కుపడుతుంది కదా. పక్షుల ఫొటోలకి రోజూ ఇదే. కదలని మనిషి 30 మీటర్ల వలయంలో తిరుగుతున్నట్టు కనబడుతుంది.

బైనరీబాబాయ్
అది సిగ్నల్ ఊగడం. పూర్తిగా పోదు, తగ్గించొచ్చు. వరుసగా రెండు పాయింట్ల మధ్య వేగం లెక్కేసి, గంటకి 200 కిలోమీటర్లు దాటితే ఆ పాయింట్ పారేయండి (విమానం ట్రాక్ కోసం ఈ వడపోత ఆపే బటన్ ఉంచండి). అక్షాంశం, రేఖాంశం రెండూ సున్నా ఉన్నవి కళ్లు మూసుకుని తీసేయండి. హెచ్‌డీఓపీ (ఉపగ్రహాల అమరికని బట్టి ఆ పాయింట్‌ని ఎంత నమ్మొచ్చో చెప్పే అంకె) ఇస్తే దాన్నీ వాడుకోవచ్చు. అక్యురసీని మీటర్లలో రాసే గడి జీపీఎక్స్‌లో లేదు, కొన్ని యాప్‌లు ఎక్స్‌టెన్షన్‌లో దాస్తాయి, ఒక్కో యాప్‌ది ఒక్కో పేరు. దాని వెంట పడకండి.

అడయార్_ఆవకాయ
ఎత్తు గురించి ఎవరూ అడగలేదు. మెరీనా బీచ్‌లో ట్రాక్ తీసి ఫొటోలకి తగిలిస్తే ఎత్తు సముద్ర మట్టానికి 80, 90 మీటర్ల కింద చూపిస్తుంది. చెన్నైవాళ్లం మునిగిపోలేదు, ఇంకా ఉన్నాం.

రోజుకోబగ్గు
ఈశాన్య రుతుపవనాల టైమ్‌లో తీసిన ట్రాక్ అయ్యుంటుంది.

పిక్సెల్_పంతులు
నవ్వులాటకి అన్నా, దీనికి కారణం గట్టిది. ఆండ్రాయిడ్ లొకేషన్‌లో మామూలుగా వచ్చే ఎత్తు సముద్ర మట్టం నుంచి కొలిచింది కాదు, డబ్ల్యూజీఎస్ 84 దీర్ఘవృత్తాకార నమూనా నుంచి కొలిచింది. భూమ్యాకర్షణ తేడాల వల్ల అసలు సముద్ర మట్టం ఆ నమూనాకి పైనో కిందో ఉంటుంది. ప్రపంచంలో అన్నిటికన్నా లోతుగా కిందికి దిగింది మన పక్కనే, శ్రీలంకకి దక్షిణాన హిందూ మహాసముద్రంలో, దాదాపు 106 మీటర్లు. ఆ గుంట అంచులోనే దక్షిణ భారతం ఉంది. చెన్నైలో దాదాపు 90 మీటర్లు, బెంగళూరులో 80కి పైన తేడా. అందుకే 920 మీటర్ల ఎత్తున్న ఊరు 830ల్లో కనబడుతుంది. యూరప్‌లో దీనికి ఉల్టా, అక్కడ 40, 50 మీటర్లు ఎక్కువ చూపిస్తుంది.

ఆండ్రాయిడ్ 14 నుంచి సముద్ర మట్టం ఎత్తు విడిగా ఇచ్చే వసతి వచ్చింది. జీపీఎస్‌లాగర్ యాప్‌లో జియాయిడ్ తేడా (ఆ నమూనాకీ సముద్ర మట్టానికీ మధ్య తేడా) తీసేసే సెట్టింగ్ ఉంది. కొన్ని యాప్‌లు సరిచేసి రాస్తాయి, కొన్ని రాయవు, ఫైల్ చూసి ఏది ఏదో చెప్పలేం. కాబట్టి మీరు దిద్దబోకండి. "ట్రాక్ నుంచి ఎత్తు కూడా తీసుకో" అని విడి టిక్ పెట్టి, డిఫాల్ట్‌గా ఆపి ఉంచండి.

కోరమంగళ_కోడర్
నంది హిల్స్ మీద 1,390 అని వచ్చినప్పుడు ట్రాక్ చెడిందనుకున్నాను. అసలు ఎత్తు 1,478.

అడయార్_ఆవకాయ
మైనస్ ఎత్తు రాయాల్సి వస్తే ఇంకో గొయ్యి ఉంది. ఎగ్జిఫ్ ఎత్తు గడిలో మైనస్ గుర్తు పట్టదు. అంకె ప్లస్‌గానే రాసి, పక్కన ఆల్టిట్యూడ్‌రెఫ్ గడిలో 1 పెడితే సముద్ర మట్టానికి కింద అని అర్థం. అది మర్చిపోతే మెరీనా 85 మీటర్ల గుట్ట అవుతుంది. అక్షాంశ రేఖాంశాలకీ అంతే, ఉత్తరం, తూర్పు అన్న అక్షరాలు విడి గడుల్లో రాయాలి. అవి లేకపోతే కొన్ని సాఫ్ట్‌వేర్‌లు లొకేషన్ ఉన్నట్టే లెక్కచేయవు.

మడివాళ_మ్యాపు
అసలు ఫైల్‌లోకి రాయాలా? డేటాబేస్‌లో ఉంటే చాలదా?

పిక్సెల్_పంతులు
రాయాలి. రేపు గ్యాలరీ మారిస్తే కష్టమంతా గంగపాలు. కాకపోతే రా ఫైల్‌ని (కెమెరా ఇచ్చే ముడి ఫైల్) ముట్టుకోవద్దు, పక్కన ఎక్స్‌ఎమ్‌పీ ఫైల్ (వివరాలు మాత్రమే ఉండే విడి ఫైల్) పెట్టండి. అందులో అక్షాంశం రాసే తీరు వేరు: డిగ్రీలు, కామా, దశాంశాల్లో నిమిషాలు, చివర దిక్కు అక్షరం. 12.9716ని అలాగే రాస్తే చెల్లదు. 12 కామా 58.296, ఆ వెంటనే ఉత్తరానికి ఎన్ అక్షరం రావాలి.

మడివాళ_మ్యాపు
వాడేవాళ్లు అడగకుండా ఫైల్‌లో మార్పు చేస్తే నేనైతే ఆ సాఫ్ట్‌వేర్ తీసేస్తా. బ్యాకప్ ప్రోగ్రామ్‌లకి 212 ఫైళ్లు మారినట్టు కనబడి మళ్లీ అన్నీ ఎక్కిస్తాయి.

బైనరీబాబాయ్
ఇద్దరి మాటా చెల్లుతుంది. మ్యాచ్ చేయడం, ఫైల్‌లో రాయడం రెండు వేరు బటన్లు చేయండి. మొదటిది డేటాబేస్‌లోనే ఆగాలి. లొకేషన్ పక్కన అది ఎక్కడి నుంచి వచ్చిందో ఒక కాలమ్ ఉండాలి: కెమెరా, ట్రాక్, చేత్తో పెట్టింది. ట్రాక్ అయితే ఏ ఫైల్, ఎంత ఆఫ్‌సెట్ అన్నదీ ఉండాలి. అప్పుడు ఆఫ్‌సెట్ తప్పని తేలితే ట్రాక్ నుంచి వచ్చినవి మాత్రమే వెనక్కి తీసి మళ్లీ నడపొచ్చు. కెమెరా ఇచ్చింది, చేత్తో పెట్టింది ట్రాక్ ఎప్పుడూ తుడిచేయకూడదు.

సీమసైకిల్
జీపీఎక్స్ ఒక్కటే తీసుకుంటావా అన్నా? సైకిల్ కంప్యూటర్లు ఫిట్ ఫైల్ ఇస్తాయి, కేఎమ్ఎల్ కూడా వస్తుంది.

బైనరీబాబాయ్
మొదటి విడతలో జీపీఎక్స్ చాలు, మిగతావి జీపీఎస్‌బేబెల్‌తో మార్చుకోవచ్చు. తర్వాత మీరే రాస్తే: ఫిట్‌లో టైమ్ 1989 డిసెంబర్ 31 యూటీసీ అర్ధరాత్రి నుంచి సెకన్లు, 1970 నుంచి కాదు. కోఆర్డినేట్‌లు సెమీసర్కిల్స్‌లో ఉంటాయి, 180తో గుణించి 2 పవర్ 31తో భాగిస్తే డిగ్రీలు. కేఎమ్ఎల్‌లో, జియోజేసన్‌లో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత. లీఫ్‌లెట్‌కి అక్షాంశం ముందు కావాలి. తిరగబడితే బెంగళూరు 77.6 ఉత్తరం, 13 తూర్పు అవుతుంది.

రోజుకోబగ్గు
చూశాను, స్వాల్‌బార్డ్ దీవుల పక్కన సముద్రంలో ఉంది. లాల్‌బాగ్ ఫ్లవర్ షోకి ధ్రువపు ఎలుగుబంట్లు వస్తాయి.

సీమసైకిల్
పాత జీపీఎస్ లాగర్ డబ్బాల ఫైల్స్ తెచ్చేవాళ్లూ ఉంటారు. 2019 ఏప్రిల్ 6న జీపీఎస్ వారాల లెక్క 1,024 నిండి సున్నాకి తిరిగింది. ఫర్మ్‌వేర్ మారని డబ్బాలు ఆ తర్వాతి ట్రాక్‌లకి 7,168 రోజులు వెనకటి తేదీ వేస్తాయి. టైమ్ సరిగ్గానే ఉంటుంది, తేదీ ఒక్కటే దాదాపు ఇరవై ఏళ్ల వెనకది. ఒక్క ఫొటోకీ ట్రాక్ కలవకపోతే, 1,024 వారాలు కలిపితే కలుస్తుందేమో చూసి సూచన ఇవ్వొచ్చు.

కోరమంగళ_కోడర్
ఇది కలలో కూడా అనుకోలేదు. వేగం సంగతి? సెకనుకో పాయింట్ ఉన్న ట్రాక్ పెడితే మ్యాప్ నత్తలా నడుస్తోంది.

బైనరీబాబాయ్
8 గంటలకి 28,800 పాయింట్లు. మ్యాచింగ్‌కి అది ఏపాటి? టైమ్ ప్రకారం ఒకసారి పేర్చి బైనరీ సెర్చ్ చేస్తే కంటి రెప్పపాటు. బరువంతా గీయడంలో ఉంది. లీఫ్‌లెట్ మామూలుగా ఎస్‌వీజీలో గీస్తుంది, ప్రిఫర్‌క్యాన్వాస్ ఆన్ చేయండి. గీత కోసం డగ్లస్-ప్యూకర్‌తో (గీత ఆకారం చెడకుండా పాయింట్లు తగ్గించే పద్ధతి) పలచబరిచిన కాపీ బ్రౌజర్‌కి పంపండి, మ్యాచింగ్ మాత్రం పూర్తి ట్రాక్ మీదే జరగాలి. పలచబరిచినదాన్ని డేటాబేస్‌లో దాచి అదే మ్యాచింగ్‌కి వాడితే, తిన్నని రోడ్డు మీద పాయింట్లన్నీ పోయి టైమ్ ఖాళీలు వస్తాయి. మనిషి మధ్యలో టీ తాగడానికి పది నిమిషాలు ఆగింది కూడా పోతుంది.

ఇంకోటి, బయటివాళ్లు ఎక్కించే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఇది. ఎంటిటీ విస్తరణ (ఫైల్‌లోని చిన్న గుర్తుని పెద్ద పాఠంగా విప్పడం) ఆపే పార్సర్ వాడండి, లేకపోతే ఒక చిన్న ఫైల్‌తో సర్వర్ మెమరీ మొత్తం తినేయొచ్చు.

గువ్వలగూడు
ఆల్బమ్ లింక్ బయటికి ఇచ్చినప్పుడు లొకేషన్ కనబడకుండా ఉండాలి. హెసరఘట్టలో గూడు ఉన్న చోటు ఆరు దశాంశాలతో బయట పెడితే మరుసటి ఆదివారం పదిమంది కెమెరాలతో గూడు చుట్టూ ఉంటారు, తల్లి పక్షి గుడ్లు వదిలేసి పోతుంది. ట్రాక్ గీత అసలే చూపించొద్దు. అది ఇంటి గుమ్మం దగ్గర మొదలవుతుంది.

మడివాళ_మ్యాపు
లొకేషన్‌ని ప్రతిసారీ కాస్త అటూ ఇటూ కదిపి చూపిస్తే?

గువ్వలగూడు
వద్దు. పేజీ 50 సార్లు తెరిచి సగటు తీస్తే అసలు చోటు వచ్చేస్తుంది. రెండు దశాంశాలకి కుదించి చూపించు, అంటే 1.1 కిలోమీటర్ల గడి. ఎన్నిసార్లు తెరిచినా అదే చూపిస్తుంది. డౌన్‌లోడ్ ఇచ్చే ఫైల్ ఎగ్జిఫ్‌లోంచి కూడా తీసెయ్, చాలామంది మ్యాప్ దాచి ఫైల్ మర్చిపోతారు.

కోరమంగళ_కోడర్
సెగ్మెంట్ హద్దులు పెట్టాను, ఖాళీ హద్దు 120 సెకన్లు, ఫైల్‌లో రాయడం విడి బటన్, ఎత్తు ఆఫ్. అదే ట్రాక్‌ని, అదే ఫొటోల కాపీని ఎగ్జిఫ్‌టూల్‌తో కూడా నడిపి పోల్చాను. 203 ఫొటోల్లో తేడా మీటరు లోపే. 9 ఫొటోలకి అది లొకేషన్ ఇచ్చింది, నాది ఇవ్వలేదు.

బైనరీబాబాయ్
ఆ 9 ట్రాక్‌లో ఎక్కడున్నాయో చూడండి.

కోరమంగళ_కోడర్
ఉదయం 5:40 నుంచి 5:51 దాకా ట్రాక్‌లో 11 నిమిషాల ఖాళీ ఉంది, 9 అందులోనే. సెగ్మెంట్ తెగలేదు, పాయింట్లే లేవు.

సీమసైకిల్
ఫోన్ బ్యాటరీ ఆప్టిమైజేషన్ యాప్‌ని నిద్రపుచ్చింది. ఆ యాప్‌కి "అన్‌రిస్ట్రిక్టెడ్" పెట్టాలి. ఈ 9 ఫొటోలు ఘాట్ రోడ్డువి అయితే ఎగ్జిఫ్‌టూల్ వాటిని మలుపులకి అడ్డంగా గాలిలో గీసిన గీత మీద పెట్టి ఉంటుంది.

కోరమంగళ_కోడర్
అవును, లోయ మీద తేలుతున్నాయి. వదిలేస్తున్నాను, వాటిని చేత్తోనే లాగి పెట్టుకోవాలి.

రోజుకోబగ్గు
డ్రోన్ ఫొటోలని చెప్పుకోండి.